మూడు మేకులు చాలవు

మూడు కాళ్ల పీట ఎంత మిట్టపల్లాల నేలమీద వేసినా కుదురుగా నిలుస్తుంది. నాలుగు కాళ్లది ఊగుతుంది. ఎందుకో మీ రేఖాగణితం పుస్తకంలోనే ఉంది: ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక్క తలం పోతుంది.

ఈనాటి సర్వే యంత్రానికి, అంటే టోటల్ స్టేషనుకు, ఈ ఒక్క సూత్రం చాలు. కొండను ఏ వాలులో కోయాలో దానికి మూడు బిందువులతో చెబుతారు. ఆ తర్వాత వాలు మీద ఎక్కడ అద్దపు కర్ర నిలబెట్టినా, అక్కడ ఇంకా ఎంత తవ్వాలో, ఎంత పూడ్చాలో తెరమీద అంకెలు కనబడతాయి. ఆ ప్రకారం మేకులు పాతుకుంటూ పోవడమే. 1960లలో కొత్తవలస-కిరందూల్ రైలుమార్గం కోసం అనంతగిరి కొండల్ని తొలిచినవారికి ఈ సౌకర్యం లేదు. థియోడలైటుతో కోణాలు చూసి, రాత్రి దీపం ముందు లెక్కలు కట్టుకోవలసిందే.

యంత్రం మంచిదే. కాని అది చెప్పేది మనం కోరిన తలం గురించి మాత్రమే. కొండకు తన తలాలు తనకున్నాయి, వాటిని కూడా కొలవకుండా మేకు పాతకూడదని నా అభిప్రాయం.

అరకు దారిలో రాతిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అక్కడ విస్తారంగా ఉన్నది ఖోండలైటు. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగినట్లుంటాయి. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. అందులోని ఫెల్‌స్పార్ వానకు, గాలికి క్రమంగా బంకమన్నుగా మారిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పొరలు రోడ్డు వైపుకే 40 డిగ్రీలు వాలి ఉన్నాయి. మనం 60 డిగ్రీల వాలులో కొండను కోశాం. పొరల కింది అంచులు కోతలో బయటపడ్డాయి, వాటిని ఆపేదేమీ లేదు. వానాకాలంలో పొరల మధ్యకు నీరు చేరి బంకమన్ను నానితే పైబండ జారుతుంది. అదే కొండ అవతలి పక్క పొరలు లోపలికి వాలి ఉంటాయి గనుక, అంతే కోత అక్కడ మరింత నిలకడగా ఉండవచ్చు. రెండుచోట్లా తెరమీది అంకె ఒకటే! జారిన బండ కింద రైలు ఉండవచ్చు, సంతకు పోతున్న జీపు ఉండవచ్చు.

పొరల వాలు కొలవడానికి లక్షల యంత్రం అక్కరలేదు. కోణమానిని మధ్య బిందువు నుంచి చిన్న రాయి కట్టిన దారం వేలాడదీయండి. కోణమానినిని నిలువుగా పట్టి, దాని తిన్నని అంచును పొర వాలిన దిశలోనే పొరకు ఆనించండి. దారం 90 గీతనుంచి ఎన్ని డిగ్రీలు తప్పుకుంటే పొర వాలు అంత. భూమిలో పాతుకున్న బండ మీదనే చూడండి, దొర్లివచ్చిన రాయి పనికిరాదు. ఘాట్ రోడ్డు కోతల కింద మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.