పేరు కొట్టుకుపోయిన రికార్డు

నాగాయలంక దగ్గర ఒక ఇంట్లో, పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచిన గ్రామఫోను రికార్డు ఒకటి ఈమధ్య చూశాను. నడుమ అంటించిన గుండ్రటి కాగితం లేదు. అది ఏ కంపెనీదో, పాడింది ఎవరో చెప్పే అక్షరం ఒక్కటీ మిగల్లేదు. "ఉప్పెన తీశాక బురదలో దొరికింది బాబూ. మా మామగారు పోయారు, ఆయన ప్లేటు మిగిలింది" అన్నదా ఇంటి పెద్దావిడ. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆ ఇంటికి మామగారి గుర్తుగా ఉన్నది ఈ ప్లేటే.

ఆవిడ అనుమతితో బందరు తెచ్చి, ఇంకా కీ ఇస్తే తిరిగే పెట్టె ఉన్న మిత్రుడి ఇంట్లో, కొత్త ముల్లు బిగించి వేశాం. ముందు బరబర, వెనక హార్మోనియం, అంతలో ఒక మగగొంతు లేచింది. పద్యం మాకు తెలిసిందే. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగంలోది. ఆ జంటలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఇదే ఊళ్ళో హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. రాసినవారు దొరికారు, పాడినాయన మాత్రం దొరకలేదు. స్టేజి మీద ఒన్స్‌మోర్లతో ఎంతసేపైనా సాగే పద్యాన్ని, రికార్డుకు ఒక్కో వైపు ఉన్న మూడు నిమిషాల చిల్లరలో ఇమడ్చాలి. ఆయన రాగాన్ని ఎంత ఒడుపుగా కుదించాడో! ఆఖరి పాదం దగ్గర ఊపిరి బిగబట్టి, ముల్లు గాడి దాటేలోపల ముగించాడు. నాలుగుసార్లు విన్నాం.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పుష్పవిలాపానికి ఏ భయమూ లేదు. అది ఊరూరా వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తోంది. నా బెంగంతా నాలుగు పద్యాలో రెండు లలితగీతాలో ఇచ్చి ఊరుకున్న గొంతుల గురించి. పెళ్ళిపందిళ్ళకు మైకుసెట్లు కట్టినవాళ్ళ పెట్టెల్లో, అటకల మీద, ఈ ఉప్పుగాలికి బూజుపట్టి అవి పడి ఉన్నాయి.

కాగితం పోయినా ఒక ఆధారం ఉంటుంది. పాట గాడి ముగిసేచోట, నల్లటి లక్క మీదే అచ్చైన సన్నటి అంకెలుంటాయి. దీపం పక్కకు వంచి చూస్తే కనిపిస్తాయి. మా ప్లేటు మీదా కనిపించాయి. అయితే అవే అంకెలున్న మరో ప్రతి, కాగితం చెడనిది, ఎవరైనా తీసి చూపితేనే ఈయన పేరు తెలుస్తుంది. నలభై వేలు దాటిన 78 ఆర్‌పీఎం రికార్డులు సేకరించిన వి.ఏ.కె. రంగారావుగారు పాటతో పాటు వాటి వివరాలు కూడా దశాబ్దాలుగా పత్రికల్లో రాసి పంచారు. నేను ఆయనకు రుణపడి ఉన్నది అందుకే. అరుదైనదని బీరువాకు తాళం వేసి, నంబరు కూడా చెప్పనివారిని నేనెరుగుదును. వారి ప్రేమను శంకించను. కానీ ఆ తాళం వల్ల ఒక గాయకుడు అనామకుడిగా ఉండిపోతున్నాడన్నది నిజం.

చట్టం భయం కొందరిది. మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, అది వెలువడిన ఏడాది గడిచాక 60 ఏళ్ళు. 78 రికార్డుల్లో చాలావాటికి ఆ గడువు దాటింది. సాహిత్యానికి, బాణీకి హక్కు వేరు, కర్త పోయాక మరో 60 ఏళ్ళు ఉంటుంది. చెళ్ళపిళ్ళవారు 1950లో వెళ్ళిపోయారు కనుక ఈ పద్యానికి ఆ చిక్కు కూడా లేదు.

ఒక్క మనవి. ఇంట్లో అలాంటివి ఉంటే స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎల్పీ ముల్లు వేయకండి. 78 గాడి వెడల్పు, ఆ సన్నముల్లు అడుగున పడి దుమ్మునే వినిపిస్తుంది. ఆపైన కాగితం మీది పేర్లు, కంపెనీ, గాడి చివరి అంకెలు ఒక కార్డు మీద రాసి మాకు పంపండి. రికార్డు మీ దగ్గరే ఉండనివ్వండి.

ప్లేటు నాగాయలంక తిరిగి వెళ్ళింది. ఫోనులోకి ఎక్కించిన పద్యం వినిపిస్తే ఆ పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. "మా మామగారు దీంతోపాటు పాడేవారు, ఇక్కడే కాస్త తప్పేవారు" అని ఎత్తుగడ దగ్గర వేలు చూపించింది. తర్వాత పాడినాయన పేరేమిటని అడిగింది. చెప్పలేకపోయాను.