బేత్లెహేము బల్ల



ఈ మధ్య పట్టణాలలో పుట్టినరోజైనా, పండుగైనా మిఠాయిలన్నిటినీ ఒక బల్ల మీద పేర్చి, ఏదో ఒక అంశానికి తగినట్లు అలంకరించడం వాడుకైంది. డెజర్ట్ టేబుల్ అంటున్నారు. పల్లెల్లోని మన పిల్లలు కూడా ఫోనులో ఆ బొమ్మలు చూసి, "అమ్మా, ఈ క్రిస్మస్‌కు మనింట్లో కూడా అలా పెడదామా?" అని అడుగుతున్నారు. వద్దని కసరకండి. ఇంటికి వచ్చేవారిని సంతోషపెట్టాలనే కోరిక మంచిదే. అయితే ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మేము కూడా ఆ ముచ్చట పడ్డాము. పట్టణం నుండి మూడంతస్తుల కేకు, రంగురంగుల చాక్లెట్లు, వెండి కాగితాలు తెచ్చాము. చేతిలో డబ్బు చాలక కొంత అప్పు చేశాము. బల్ల చూసి అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం ఏడు గంటలకే అంతా అయిపోయింది. ఎనిమిది దాటాక మా చేలో కోతకు వచ్చే ఒక మామ్మ మనవడి చెయ్యి పట్టుకొని వచ్చింది. ఆ రోజు కూడా కుప్ప నూర్పుకు వెళ్లి, ఇంటికి పోయి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. "అయిపోయాయి మామ్మా" అంది మా అమ్మాయి. "పోనీలే తల్లీ, పండుగపూట మిమ్మల్నందరినీ చూశాను, చాలు" అంది ఆమె. పిల్లవాడు మాత్రం కేకు పెట్టిన అట్టకేసే చూస్తున్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ అప్పు ఈస్టరు దాకా తీరలేదు.

మరుసటి సంవత్సరం పిల్లలతో కూర్చొని మాట్లాడుకున్నాము. బేత్లెహేము అనే మాటకు రొట్టెల ఇల్లు అని అర్థం. రూతు పరిగె ఏరుకొన్న పొలాలు అక్కడివే. మనకు డిసెంబరులో కొత్త ధాన్యం ఇంటికి వస్తుంది, కొత్త గడ్డి వాము వేస్తాము. కాబట్టి మా బల్లకు అంశం బేత్లెహేము అనుకున్నాము. కొనవలసినది చాలా కొంచెమే.

బల్ల సిద్ధపరచుట

బల్ల మీద ఉతికిన తెల్ల పంచె పరవండి. అన్నీ ఒకే ఎత్తున ఉంటే చూపుకు ఆనదు. పీటలు, బోర్లించిన కుంచం, ఖాళీ డబ్బాలు గుడ్డ కింద పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది. నడుమ ఒక చేటలో ఎండబెట్టిన కొత్త గడ్డి పరచి, దాని మీద అరిటాకు వేసి, ఆకులో అరిసెలు పేర్చండి. అదే మన పశువుల తొట్టి. పైన పిల్లలు చేసిన కాగితపు నక్షత్రం వేలాడదీయండి. గడ్డి, కాగితం ఉన్నచోట కొవ్వొత్తి మాత్రం వెలిగించవద్దు. దూరంగా ఒక బల్బు చాలు. బల్ల కాళ్ల కింద నీళ్లు పోసిన పళ్లేలు పెడితే చీమలు ఎక్కవు.

ఏ వంట ఎప్పుడు?

మన పిండివంటలంటే చిన్నచూపు వద్దు. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించింది. పూతరేకు కూడా బియ్యపు పిండితో, బోర్లించిన కుండ మీద పుట్టినదే కదా!

అరిసెలు పది రోజుల ముందే చేసుకోవచ్చు. కిలో బియ్యం రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి కొట్టాలి. ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, చుక్క నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టినప్పుడు పిండి కలపాలి. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య బాగా నొక్కితేనే నిలవ ఉంటుంది. చిన్నవైతే సుమారు 40 వస్తాయి.

సున్నుండలు వారం ముందు చేయండి. కిలో మినపప్పుకు ముప్పావు కిలో బెల్లం, ఉండ కట్టడానికి సరిపడా నెయ్యి. నిమ్మకాయంత ఉండలు కడితే 50 వరకు అవుతాయి.

గులాబీ పువ్వులు రెండు మూడు రోజుల ముందు చాలు. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పైదాకా మునిగితే పువ్వు అచ్చును వదలదు. కేరళ క్రైస్తవుల ఇండ్లలో వీటినే అచ్చప్పం అని క్రిస్మస్‌కు చేస్తారు.

పాలతో చేసేవి ఆ రోజే చేసి, ఆ పూటకే ముగించండి. ఒక మూల జామకాయ ముక్కలు, వేయించిన వేరుశనగలు, చేగోడీలు పెట్టండి. షుగరు ఉన్న పెద్దలు ఒట్టి చేతులతో కూర్చోకూడదు. బెల్లమైతే ఫరవాలేదని వారిని బలవంతం చేయకండి. బెల్లం కూడా షుగరును పెంచుతుంది.

ముందుగా తీసే డబ్బా

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. బోయజు తన పనివారితో, రూతు కోసం కావాలనే కొన్ని పిడికెళ్లు పొలంలో విడిచిపెట్టమన్నాడు. రూతు గ్రంథం రెండవ అధ్యాయములో చదువుతాము. మిగిలితే ఇవ్వడం కాదు, ముందే విడిచిపెట్టడం. అందుచేత బల్ల మీద ఒక్క అరిసె పెట్టకముందే, చేసినదానిలో అయిదో వంతు తీసి వేరే డబ్బాలో పెట్టండి. ఆలస్యంగా వచ్చేవారికి, పని వదిలి రాలేనివారికి, మంచాన పడ్డవారికి అది. డబ్బా బాధ్యత పిల్లలకే అప్పగించండి.

ఆ క్రిస్మస్ సాయంత్రం ఎనిమిదైనా మామ్మ రాలేదు. కిందటేడు మాట ఆమెకు గుర్తుందేమో అని మాకు దిగులు పుట్టింది. మా అమ్మాయి ఇంకేమీ అడగకుండా డబ్బా చంకన పెట్టుకొని, టార్చిలైటు తీసుకొని వాళ్లింటికి బయలుదేరింది. మేము వెనకాల వెళ్లాము. మనవడు తలుపు తీశాడు. "మామ్మా, నీ వాటా తెచ్చాను" అంది అమ్మాయి. మామ్మ ఆ నలుగురు పిల్లల మధ్య కూర్చొని అరిసె తుంచి, మొదటి ముక్క మా అమ్మాయి నోట్లో పెట్టింది.

సహోదరీలారా, మీ బల్ల చిన్నదైనా ఫరవాలేదు. అప్పు లేకుండా పెట్టండి, ఆఖరున వచ్చేవారిని తలచుకొని పెట్టండి. దేవుడు మీ ఇంటిని రొట్టెల ఇల్లుగా చేయును గాక.