‘డిస్‌రెస్పెక్టు’ అను మాట

మన విద్యార్థులు కొందఱు “ఉపాధ్యాయునికి అగౌరవము చేసెను” అను తెలుగును మనస్సున నుంచుకొని, ఇంగ్లీషున “డిడ్ డిస్‌రెస్పెక్ట్ టు ది టీచర్” అని వ్రాయుచున్నారు. ఇది తప్పు. నామవాచకమైనచో “షోడ్ డిస్‌రెస్పెక్ట్ టు” అనియు, విశేషణమైనచో “వాజ్ డిస్‌రెస్పెక్ట్‌ఫుల్ టు” అనియు వ్రాయవలెను. ఈ మాటను క్రియగా వాడుటయు 17వ శతాబ్దమునుండి కలదు. అప్పుడు “టు” చేర్చరాదు.

అయినను వ్యాకరణముకంటె అర్థము ముఖ్యము. ఆజ్ఞ మీఱుట అవిధేయత. మనుష్యుని చులకన చేయుట అగౌరవము. పాఠము బోధపడక మఱల ప్రశ్నించిన బాలుడు ఈ రెంటిలో నేదియు చేయలేదు. నీవు, మీరు అను భేదము నేటి ఇంగ్లీషున లేదు. రెంటికిని “యూ” యే. ఇంట పెద్దలకు “ఆయ్” అని వినయముతో బదులిచ్చు మన గోదావరి బిడ్డ, “సర్” చేర్చక వట్టి “నో” అనినచో మొరటుగా తోచును. అది భాషాజ్ఞానలోపమే గాని అగౌరవము గాదు.

కావున ఉపాధ్యాయులమైన మనము, తలిదండ్రులకు వ్రాయు జాబులో నీ మాట చేర్చకమునుపు, బాలుడేమి చేసెనో అదియే వ్రాయవలెను. విద్యార్థులారా, క్షమాపణపత్రమునందు మీరును అట్లే చేయుడు. మాట సరిగా నున్నగాని తీర్పు సరిగా నుండదు.