కొల్లేటి చెంత కాపురము

చేపలు సమృద్ధిగా దొరకు సరస్సు చెంత కాపుర ముండ గోరువారు మొదట కొల్లేటిసీమను తలంచుట సహజము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ గల యీ మంచినీటి సరస్సున కొరమీను, జెల్ల, వాలుగ మున్నగునవి లభించును. కాని పురుషులు గాలమును గూర్చి యాలోచించునపుడు గృహిణి నేలమట్టమును గూర్చి విచారింపవలయును.

బుడమేరు, తమ్మిలేరు వరదనీటిని కొల్లేట గలుపును. ఆ నీరు సముద్రమునకు బోవుటకు ఉప్పుటేరే మార్గము. కావున వానకాలమున సరస్సు మిక్కిలి విస్తరించును. మఱియు 1999లో 5 అడుగుల కాంటూరు వఱకు గల ప్రదేశము పక్షుల యభయారణ్యముగా బ్రకటింపబడెను. 2006లో ఆ హద్దులోని చేపలచెరువుల గట్లను బ్రభుత్వమువారు తెగగొట్టించిరి. చౌకయని యట్టి భూమిపై సొమ్ము పెట్టుట ప్రమాదకరము.

ఇక నేయూరు మేలు? చదువుకొను బిడ్డలును, వృద్ధులును గల యింటికి ఏలూరు తగును. అచట కళాశాలలు, ఆసుపత్రులు, ప్రధాన రైలుమార్గము గలవు. చేపల వ్యాపారమే జీవనముగా గలవారికి కైకలూరు గాని ఆకివీడు గాని యనుకూలము. ఈ రెండును గుడివాడ భీమవరముల నడుమ రైలుదారిలోనే యున్నవి.

ఏ యూరైనను, ముందుగా నొక సంవత్సరము అద్దెయింట నుండుడు. వేసవిలో త్రాగునీటిని, వానలలో వీథిని కన్నులార జూడుడు. స్థలము కొనదలచినచో, అది యే కాంటూరున నున్నదో సర్కారు పటమున జూచి నిర్ధారించుకొనుడు. అంతవఱకు మీ నగలను పెట్టె దాటనీయకుడు.