నీళ్లలో గేదెకు బేరం

మా గుంటూరు వైపు గేదెను కొనేవాడు మూడు పూటలు పాలు పిండించి చూసుకోకుండా డబ్బు చేతికివ్వడు. మొదటి పూట బిందె నిండినా నమ్మడు. ముందు పూట పిండకుండా ఆపారేమోనని అనుమానం. చన్నులు నాలుగూ తడిమి చూస్తాడు, పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, ఎన్నో ఈతో అడుగుతాడు, అమ్మేవాడు చెప్పిన జవాబును పక్కింటివాడి దగ్గర మళ్లీ సరిచూసుకుంటాడు. ఆ ఇంటి కొడుకే బీటెక్ చదివి, ఉద్యోగంలో చేరి, ఫోన్‌లో ఇరవై సెకన్ల వీడియో చూసి, డెబ్బై వేలు ఫోన్‌పే చేసి కుక్కపిల్లను తెప్పించుకుంటున్నాడు. తల్లిని చూడడు, తండ్రిని చూడడు, అది పుట్టిన చోటు చూడడు. ‘షో క్వాలిటీ బ్రో, చాంపియన్ లైన్, హెవీ బోన్’ అని అవతలివాడు అంటే చాలు.

నేను పశువుల డాక్టర్ని. పశుసంవర్ధక శాఖలో ఉన్నన్నాళ్లూ ఒంగోలు గిత్తలు, ముర్రా గేదెలతోనే గడిచింది. రిటైరయ్యాక పెట్టుకున్న క్లినిక్‌కి మాత్రం వచ్చేవన్నీ దాదాపు కుక్కలే. వాటిలో ‘షోకి పనికొస్తుంది’ అన్న మాట మీద కొన్నవి నానాటికీ ఎక్కువవుతున్నాయి. ఆ మాట ఖరీదు ఎంతో, దాని వెనక ఏముందో రాయాలనిపించింది.

మొన్న ఎండాకాలం తెనాలి నుంచి ఒక కుర్రాడు జర్మన్ షెపర్డ్‌ను తీసుకొచ్చాడు. ఏడు నెలల మగపిల్ల. కాగితాల్లో రెండు లైన్ల జర్మన్ పేరు రాబోతోందట, ఇంట్లో మాత్రం చిన్నోడు. చలికాలంలో హైదరాబాద్ డాగ్ షోలో దింపాలనుకుంటున్నాను, ఒకసారి ఒళ్లంతా చూసి చెప్పండి సార్ అన్నాడు. గుండె బాగుంది, బొచ్చు బాగుంది, నడక ముచ్చటగా ఉంది. వెనక చెయ్యి పెట్టి చూస్తే వృషణం ఒక్కటే తగిలింది. గజ్జల్లో వెతికాను, అక్కడా లేదు. రెండోది కడుపులోనే ఉండిపోయింది.

‘ఒక్కటుంటే ఏమవుతుంది సార్?’ అన్నాడు. ఇంట్లో పెంచుకోవడానికి పెద్ద ఇబ్బంది లేదు. లోపల ఉండిపోయినదానికి కణితి వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆపరేషన్ చేసి రెండూ తీసేయాలి. షో సంగతి మాత్రం అక్కడితో సరి. ఏ జాతి కుక్కకైనా సరే, అంతర్జాతీయ సంఘం ఎఫ్‌సీఐ ప్రచురించే ప్రమాణాల్లో మగకుక్కకు రెండు వృషణాలూ సంచిలోకి పూర్తిగా దిగి ఉండాలన్న షరతు ఉంటుంది. రింగులో జడ్జి నోరు తెరిచి పళ్లు చూస్తాడు, తర్వాత వెనక్కి వెళ్లి చేత్తో చూసుకుంటాడు. రెండు నిమిషాల పని. డెబ్బై వేలు అక్కడ తేలిపోతాయి.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదట ‘డాక్టర్లకు తెలీదు బ్రో, పది నెలలకు దిగుతుంది’ అన్నాడట. వారం తర్వాత ‘మీ తిండి సరిపోలేదు’ అన్నాడు. చివరికి పెద్దమనసు చేసుకుని, దీన్ని వెనక్కి పంపితే వచ్చే ఈతలో ఇంకో పిల్లనిస్తానన్నాడు. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ వెంటనే, ‘ఇన్ని నెలలు మా మంచం కింద పడుకున్న పిల్లాణ్ణి పార్సిల్ చేసి పంపమంటాడా డాక్టరు గారూ’ అంది. ఈ వ్యాపారంలో అసలు కిటుకు ఆమె మాటలోనే ఉంది. మార్చి ఇస్తానన్న హామీని ఎవరూ వాడుకోలేరని ఇచ్చేవాడికి తెలుసు. లోపం బయటపడే నాటికి ఆ కుక్క ఇంట్లో మనిషైపోతుంది. ఒకవేళ ఎవరైనా గుండె రాయి చేసుకుని పంపితే, ఒంటి వృషణంతో తిరిగొచ్చిన ఆ కుక్క గతేమవుతుందో అడిగేవాడుండడు.

వృషణాలు మామూలుగా రెండు నెలల వయసుకల్లా దిగుతాయి. ఆరు నెలలు దాటినా దిగలేదంటే ఇక ఆశ లేనట్టే. పాలపళ్లు ఇరవై ఎనిమిది ఊడి, నలభై రెండు శాశ్వత దంతాలు వచ్చేసరికి ఆరేడు నెలలు పడుతుంది. పాలపళ్లప్పుడు కత్తెరలా కుదిరిన నోరు పెద్దపళ్లు వచ్చాక కింది దవడ ముందుకు వచ్చి చెడిపోవచ్చు, ఒకట్రెండు పళ్లు రాకుండానే పోవచ్చు. జర్మన్ షెపర్డ్ మగకుక్క ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటారు. రెండు చేతుల్లో ఒదిగే పిల్ల ఎంత ఎదుగుతుందో తల్లిదండ్రుల్ని చూసి ఊహించడమే. తుంటి కీలు సంగతి మరీ ఆలస్యం. ఎఫ్‌సీఐ పద్ధతిలో ఏ నుంచి ఈ దాకా ఇచ్చే గ్రేడు కోసం ఎక్స్‌రే ఏడాది నిండాకే తీస్తారు, అమెరికాలోని ఓఎఫ్ఏ సంస్థ అయితే రెండేళ్లు నిండందే తుది సర్టిఫికెట్ ఇవ్వదు. ఇదంతా తెలిసిన బ్రీడర్ ఎవడూ నలభై ఐదు రోజుల పిల్లను చూపించి ఇది షో కుక్క అనడు. కావచ్చు అంటాడు. ఆ ‘కావచ్చు’కి పూర్తి డబ్బు ముందే తీసుకోవడం దగ్గరే నా పేచీ.

అదే ఈతలో మామూలు పెంపుడు పిల్లను పాతిక వేలకు అమ్మారనుకుందాం. మిగతా నలభై ఐదు వేలు మనం దేనికిచ్చినట్టు? ఇంకా రాని పళ్లకు, ఇంకా దిగని వృషణానికి. మా ఎడ్ల పందేల్లో పాలపళ్ల విభాగం వేరు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలు వేరు. ధర కూడా పన్నుపన్నుకీ మారుతుంది. కుక్కకూ అదే లెక్క ఉండాలి. రింగు కోసమే కుక్క కావాలనుకున్నవాళ్లు ఆరేడు నెలలు నిండినదాన్ని, పళ్లూ వృషణాలూ కళ్లతో చూసుకుని, ఎక్కువ పెట్టైనా కొనుక్కోవాలి. చంటిపిల్లే కావాలంటే పెంపుడు పిల్ల ధరే ఇవ్వాలి. మధ్యేమార్గం కావాలన్నవాళ్లకు నా సలహా ఏమిటంటే, షో కోసం అడిగే తేడాను ఏడో నెలలో పశువైద్యుడు చూసి రాసిచ్చాక చెల్లిస్తామని కాగితం రాసుకోవడం. తన పిల్ల మీద నమ్మకమున్నవాడు సంతకం పెడతాడు.

చిన్నప్పుడే తెచ్చుకుంటే కదా మచ్చికవుతుంది అంటారు. ఆరు నెలలదైనా నెల తిరిగేసరికి మీ చెప్పులు కొరుకుతూ మీదైపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పట్టుదల ఉన్న బ్రీడర్ ఈతలో మేలైనదనిపించిన పిల్లను తన దగ్గరే ఉంచుకుంటాడు, రింగులో గెలవాలని అతనికీ ఉంటుంది కదా. ఫోన్ చేసినవాడికల్లా ‘పిక్ ఆఫ్ ది లిట్టర్’ ఇస్తున్నాడంటే ఆ ఈతలో ఎన్ని మేలైన పిల్లలు పుట్టి ఉండాలో లెక్క వేసుకోండి.

అమ్మేవాళ్ల వైపు న్యాయం కూడా చెప్పాలి. తుంటి కీలు జబ్బు వంశపారంపర్యమే అయినా పెంపకం దాన్ని ముదరబెట్టగలదు. మన ఇళ్లలో అద్దాల్లాంటి టైల్స్, వాటి మీద బంతి విసిరి పిల్లను పరిగెత్తించడం, త్వరగా పెరగాలని విపరీతంగా మేపడం, ఇవన్నీ నేను రోజూ చూస్తున్నవే. అన్నిటికంటే ఘోరం కాల్షియం. పెద్ద జాతి పిల్లలకు మంచి రెడీమేడ్ ఆహారం పెడుతూనే దాని మీద సీసాలకు సీసాలు కాల్షియం సిరప్ పోస్తారు. మోతాదు మించిన కాల్షియం పెరిగే ఎముకను బలపరచకపోగా వంకరపరుస్తుంది. అయితే ఆ సిరప్ పోయమని ఎవరు చెప్పారని అడిగితే చాలాసార్లు వచ్చే సమాధానం, ‘బ్రీడరే సార్, హెవీ బోన్ రావాలంటే పోయమన్నాడు.’ మంగళగిరి నుంచి వచ్చిన ఒక లాబ్రడార్‌కు గన్నవరం పశువైద్య కళాశాలలో ఎక్స్‌రే తీయిస్తే రెండు తుంటి కీళ్లూ గుంటల్లో సరిగా కూర్చోలేదు. అమ్మినవాడు తప్పంతా టైల్స్ మీదికి తోశాడు. తల్లిదండ్రుల ఎక్స్‌రేలు చూపించమంటే మాత్రం లేవు. అవి ఉంటే టైల్స్ సంగతి మాట్లాడే హక్కు అతనికి ఉండేది.

పార్వో వైరస్ జబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, రాస్తుంటేనే ఆ వాసన గుర్తొస్తుంది. ముప్పై ఐదు రోజుల పిల్లను బుట్టలో పెట్టి రాత్రి బస్సుకు ఎక్కిస్తారు. దిగిన మర్నాటికో మూడో రోజుకో వాంతులు, నెత్తురు విరేచనాలు. ‘నేను పంపినప్పుడు బాగానే ఉంది’ అంటాడు పంపినవాడు. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. కాబట్టి వచ్చిన మర్నాడే జబ్బు పడిన పిల్ల దాన్ని అక్కడి నుంచే మోసుకొచ్చిందని అర్థం. పిల్ల ఇల్లు చేరిన రోజే డాక్టరుకు చూపించి, తేదీ వేసి రాయించుకోమనేది అందుకే. టీకా వేశాం అని కార్డు చూపిస్తారు. అంత చిన్న వయసులో తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వకపోవచ్చు. అందుకే ఆరెనిమిది వారాలకు మొదలుపెట్టి పదహారు వారాల దాకా మళ్లీ మళ్లీ వేస్తాం. సీసా మీది స్టిక్కరూ, వేసిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరూ లేని కార్డు చిత్తుకాగితంతో సమానం.

చిన్నోడి కాగితాలు ఇప్పటికీ రాలేదు. ‘చెన్నై నుంచి రావాలి’ అంటున్నాడట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కార్యాలయం చెన్నైలో ఉన్న మాట నిజమే. కానీ పిల్లల ఈతను అక్కడ నమోదు చేయించాల్సింది బ్రీడరే, మెడ దగ్గర మైక్రోచిప్ వేయించాల్సిందీ అతనే. నేను స్కానర్‌ను చిన్నోడి మెడ మీదా భుజాల మధ్యా తిప్పాను, ఏమీ మోగలేదు. చిప్ ఉంటే పదిహేను అంకెలు వస్తాయి, అవి సర్టిఫికెట్‌లోని అంకెలతో కలవాలి. ఇంతకీ ఆ సర్టిఫికెట్ వచ్చినా అది చెప్పేది తాతముత్తాతల పేర్లే. ఆ పిల్ల మేలైనదని ఏ క్లబ్బూ అందులో రాసివ్వదు. ఈ తేడా తెలియక కాగితాలున్నాయంటే చాలు, షో కుక్క అనుకుంటున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నిబంధనలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. ఇవి ఉల్లంఘిస్తే? ఈ నిబంధనలకు ఆధారమైన 1960 నాటి చట్టం ప్రకారం వంద రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. జైలుకు పంపిన సంగతి నేనెప్పుడూ వినలేదు. ఇక వంద రూపాయలంటారా, బుట్టకు బస్సువాడు తీసుకునే చార్జీ అంతకంటే ఎక్కువ.

డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి వినియోగదారుల కమిషన్ మెరుగైన దారి. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు పొరుగు రాష్ట్రంలో ఉన్నా కొన్నవాడు తన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బ్యాంకు లావాదేవీ, వాట్సాప్ సంభాషణలు, డాక్టరు రిపోర్టు భద్రంగా ఉంచుకోవాలి. అయితే ఒక మెలిక ఉంది. వ్యాపారం కోసం కొన్నవాణ్ణి ఈ చట్టం వినియోగదారుడిగా లెక్కించదు. తెనాలి కుర్రాడి ఫోన్‌లో సంభాషణ అంతా చదివాను. డబ్బు పంపిన రోజే ‘పెద్దయ్యాక స్టడ్‌కి వాడితే ఎంత వస్తుంది అన్నా?’ అని అడిగి ఉన్నాడు. అవతలి వకీలుకు ఆ ఒక్క లైను చాలు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ స్టడ్ ఆలోచనే. రింగుకు పనికిరాదని తేలాక ‘పెట్టిన డబ్బైనా రాబట్టుకుందాం’ అని ఆ కుక్కతోనే దాటిస్తారు. ఒంటి వృషణం ఉన్న మగకుక్క సాధారణంగా పిల్లల్ని పుట్టించగలదు; ఆ లోపాన్నీ వాటికి అంటగడుతుంది. తల్లి వైపు నుంచి కూడా అది బయటికి కనబడకుండా దిగుతుంది. ఆ పిల్లలు ‘షెపర్డ్ పప్పీస్, ఫాదర్ షో లైన్’ అని మళ్లీ ఫోన్లలో ప్రత్యక్షమవుతాయి. మోసపోయినవాడే ఏడాది తిరిగేసరికి అమ్మేవాడవుతున్నాడు. చిన్నోడి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాక కూడా పొన్నూరు నుంచి ఎవరో తమ ఆడకుక్కకు ‘ఒక్కసారి’ అంటూ వాళ్లింటికి ఫోన్ చేశారు, పదివేలిస్తామన్నారు. వాళ్లమ్మే పెట్టేసింది ఫోన్.

మంచి బ్రీడర్లు లేరని కాదు. నాకు తెలిసిన ఒకావిడ పిల్లనిచ్చే ముందు, పగలు ఇంట్లో ఎవరుంటారో, మేడ మీద కట్టేస్తారా అని కొనేవాళ్లనే నిలదీస్తుంది. తల్లిని పెరట్లో చూపిస్తుంది, ఎక్స్‌రే ఫిల్ములు బల్ల మీద పెడుతుంది. ఆమె దగ్గర పిల్ల కోసం ఏడాది ఆగాలి. ఆగలేనివాళ్లే వీడియో చూసి డబ్బు పంపుతున్నారు.

కొత్త చట్టం తెమ్మని నేను అడగడం లేదు. బోర్డు దగ్గర ఎవరెవరు నమోదయ్యారో ఆ జాబితాను మండలాల్లోని పశువైద్యశాలల గోడల మీద అంటించమంటున్నాను. నట్టల మందు, గాలికుంటు టీకా పోస్టర్ల పక్కన చోటుంది. అమ్మకం ప్రకటనలో ఆ నమోదు నంబరు లేకపోతే కొనేవాడు జాబితాలో వెతుక్కుంటాడు, పేరు దొరక్కపోతే డబ్బు జేబులోనే ఉంచుకుంటాడు. దీనికి పశుసంవర్ధక శాఖ డైరెక్టరు సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంతకంటే పనికిమాలిన సర్క్యులర్లు చాలా గోడకు అంటించాను.