మూడింట ఒక పాలు

పార్కుకు గోడ లేదనీ, బడిపిల్లలకు నీళ్ళ వసతి చాలదనీ మన తొండియార్‌పేటలో మొరపెట్టని వీధి లేదు. కార్పొరేషనులో డబ్బు లేదన్న మాట వినగానే ఇంటికి వచ్చేస్తాము.

బయటి సొమ్ము తెచ్చే దారి ఒకటి కలదు. 1997-98లో తమిళనాడు ప్రభుత్వము 'నమక్కు నామే', అనగా 'మనకు మనమే' అను పథకము పెట్టినది. ప్రభుత్వాలు మారి అది మూలబడినా, 2021లో ఆ పేరుతోనే తిరిగి వచ్చినది. అంచనా ఖర్చులో కనీసము మూడో వంతు ప్రజలు కడితే తక్కినది సర్కారు ఇస్తుంది. ఆరు లక్షల పనికి మన వంతు రెండు లక్షలు. నూరు గడపలు కలిస్తే గడపకు రెండు వేలు. పండుగ పందిళ్ళకు ఇంతకు తక్కువ రాస్తున్నామా?

చిక్కల్లా ఒక్కటే. రెండు వేలు ఇచ్చుకోలేని వీధి మాటేమిటి? కలిగినవారి వీధికే సర్కారు సొమ్ము కూడా చేరితే అది న్యాయమనిపించదు. అయితే ఆ వంతు ఆ వీధివారే కట్టాలని లేదు. సంఘము గాని, కంపెనీ గాని, దాత గాని కట్టవచ్చును. కనుక మన సంఘము మొదటి చందా అటువంటి వీధిలోని బడికే ఎత్తవలెనని మా అభిప్రాయము. కార్పొరేషను నాలుగవ జోను ఆఫీసు మన పేటలోనే ఉన్నది, వివరములు అక్కడ అడగవచ్చును. ఏ బడికి అవసరము ఎక్కువో, వచ్చే సంచికలోగా ఒక కార్డు ముక్క వ్రాయ కోరుతున్నాము.