పెరట్లో ఒక తంగేడు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. తంగేడు విషయంలో మనకు ఆ మాట అనే అర్హత కూడా లేదు. ఏలయన అది మన పెరట్లోనే లేదు. ప్రహరీ గోడ పొడవునా క్రోటన్లు పెంచుతాము. పచ్చిక పరచి, వేసవిలో ట్యాంకరు నీరు కొని పోస్తాము. ఆపైన తంగేడు పూలపొడిని దుకాణంలో పొట్లాలుగా కొని తెచ్చుకుంటాము. ఇది వివేకమని నాకు తోచదు.

సంస్కృతంలో ఆవర్తకి అనీ, వృక్షశాస్త్రంలో సెన్నా ఆరిక్యులేటా అనీ పిలువబడే ఈ పొద దక్కను రాతినేలల బిడ్డ. వేరు లోతుకు పోతుంది కనుక వానలు ముఖం చాటేసిన యేడు కూడా పూస్తుంది. మన పెద్దలు దీని పుల్లతో పళ్లు తోముకున్నారు, పూలపొడిని నలుగుపిండిలో కలిపారు, పూలను నీడన ఎండబెట్టి ప్రమేహానికి కషాయం కాచారు. వగరు గల దీని బెరడుతోనే తోళ్లు పదును చేసేవారు.

2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. గౌరవం మంచిదే. కాని బతుకమ్మ పేర్చేందుకు పూలు ఎక్కడి నుండి రావాలి? ఊరి చుట్టూ ఉన్న బీళ్లు ఇళ్లస్థలాలయ్యాయి. మిగిలిన పొదలను పండుగకు కొమ్మలతో సహా విరుస్తున్నారు. రహదారి పక్కన దుమ్మూ పొగా పట్టిన పూలు బతుకమ్మకు పనికివస్తాయేమో గాని కషాయానికి పనికిరావు.

మొదటి మొక్కను నేనే చంపాను. బీడులో నుండి పెళ్లగించి తెచ్చి, ముద్దుగా రోజూ బిందెడు నీళ్లు పోశాను. పది రోజులకు ఎండిపోయింది. తల్లివేరు తెగితే తంగేడు ఓర్చుకోదు, నీరు నిలిస్తే అసలే ఓర్చుకోదు. మరుసటి యేడు ముదిరిన కాయల గింజలను వేడినీటిలో ఒక రాత్రి నానబెట్టి, మృగశిర కార్తెలో గోడవారన నేరుగా నాటాను. ఆ గింజల పైపొర గట్టిది. నానబెట్టకుంటే మొలకకు చాలాకాలం పడుతుంది. మంచి ఎండ తగిలే చోటు, నీరు ఇంకిపోయే నేల చాలు, ఎరువు అక్కరలేదు. మొదటి వేసవిలో మాత్రం వారానికొకసారి నీరు పోయాలి. పూత తగ్గాక కొమ్మల చివర్లు కత్తిరిస్తే పొద గుబురుగా వస్తుంది.

లేత పసుపు సీతాకోకచిలుకలు దీని ఆకులపై గుడ్లు పెడతాయి, పురుగులు కొంత ఆకు తింటాయి. తిననివ్వండి. మందు చల్లితే ఆ పూలు మీ కషాయపు గిన్నెలోకే వస్తాయి.

ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. తంగేడు కషాయం తాగుతున్నామని మధుమేహులు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని మానరాదు. మందులతో పాటు తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. వైద్యునితో చెప్పి, రక్తపరీక్షలు చేయించుకుంటూనే వాడాలి. గర్భిణులు దీని జోలికి పోకపోవడం మేలు. పేరు చూసి నేలతంగేడును దీనికి బదులు వాడకండి. అది సునాముఖి, విరేచనకారి. అంగడిలో ఆకు కొనవలసి వచ్చినపుడు ఈ తేడాను అడిగి తెలుసుకోండి. పెరట్లో పొద ఉన్నవారికి ఆ అనుమానమే ఉండదు.